కోస్ట్ గార్డ్‌లో అడ్మిరల్ స్థాయికి దారి: సీజీక్యాట్ నుంచి డీజీ కుర్చీ దాకా

ఇండియన్ కోస్ట్ గార్డ్‌లో అడ్మిరల్ అనే ర్యాంకు ఉండదు. నేవీలో రియర్ అడ్మిరల్ ఉండే స్థాయిలో ఇక్కడ ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఐజీ) ఉంటారు. వైస్ అడ్మిరల్ స్థాయిలో అడిషనల్ డైరెక్టర్ జనరల్, అందరికీ అధిపతిగా డైరెక్టర్ జనరల్ (డీజీ) ఉంటారు. 1978లో కోస్ట్ గార్డ్ చట్టం వచ్చినప్పుడు మొదటి డీజీ అయిన వి.ఎ. కామత్ నేవీకి చెందిన వైస్ అడ్మిరల్. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ పదవికి నేవీ అధికారులే వచ్చారు. కోస్ట్ గార్డ్‌లోనే చేరి, ఇక్కడి ఓడల మీదే ఎదిగిన రాజేంద్ర సింగ్ 2016లో డీజీ అయ్యాక పరిస్థితి మారింది. ఇప్పుడు సీజీక్యాట్ (కోస్ట్ గార్డ్ అధికారుల ప్రవేశ పరీక్ష) రాసి అసిస్టెంట్ కమాండెంట్‌గా, అంటే అధికారుల్లో మొదటి ర్యాంకులో చేరే కుర్రాడికి పై మెట్టు దాకా దారి తెరిచే ఉంది. ఆ దారిలో ఏ మెట్టు దగ్గర ఎవరు ఆగిపోతారో, ఎందుకు ఆగిపోతారో ముందే తెలుసుకోవడం మంచిది.

ముందు వయసు లెక్క

రాజేంద్ర సింగ్ 1980లో చేరి 2016లో డీజీ అయ్యారు. కృష్ణస్వామి నటరాజన్ 1984లో చేరి 2019లో, రాకేశ్ పాల్ 1989లో చేరి 2023లో అయ్యారు. అంటే 36, 35, 34 ఏళ్లు. సుమారు 35 ఏళ్ల సర్వీసు పడుతుందని లెక్క వేసుకోవచ్చు. రిటైర్మెంట్ విషయంలో ఎంతోకాలంగా నడిచిన నిబంధన ఏమిటంటే, కమాండెంట్, ఆ కింది ర్యాంకులకు 57 ఏళ్లు, డీఐజీ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ జనరల్) నుంచి పైకి 60 ఏళ్లు. ఈ తేడా మీద కోర్టు కేసులు నడిచాయి కాబట్టి తాజా పరిస్థితి చూసుకోండి.

ఇప్పుడు కూడి చూడండి. 22 ఏళ్లకు చేరినవాడు 35 ఏళ్ల సర్వీసు పూర్తయ్యేసరికి 57లో ఉంటాడు, చేతిలో ఇంకా మూడేళ్లు మిగులుతాయి. 25కి చేరినవాడికి సరిగ్గా అదే రోజుకి 60 నిండుతాయి. ప్రతిభలో ఇద్దరూ సమానమే అయినా రెండోవాడి పేరు పరిశీలనకు వచ్చేలోపే సర్వీసు అయిపోతుంది. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు వయోసడలింపు ఉంది. అది చేరడానికి పనికొస్తుంది గానీ రిటైర్మెంట్ వయసులో సడలింపు ఉండదు. అందుకే డిగ్రీ పట్టా చేతికొచ్చాక వచ్చే మొదటి నోటిఫికేషన్‌కే అప్లై చెయ్యాలి. "ఈసారి సివిల్స్ ప్రిలిమ్స్ చూసి, వచ్చే ఏడాది కోస్ట్ గార్డ్" అనుకునేవాళ్లు ఉద్యోగం సంపాదించొచ్చు, పై మెట్లు మాత్రం అక్కడే వదులుకున్నట్టు.

బ్రాంచి ఎంపిక కూడా ఇప్పుడే. జనరల్ డ్యూటీ, టెక్నికల్ అని రెండు ముఖ్యమైన దారులు. టెక్నికల్‌లో ఇంజిన్లు, ఎలక్ట్రికల్ విభాగాల్లో పైకి వెళ్లొచ్చు. ఓడకు కమాండింగ్ ఆఫీసర్ అయ్యేది మాత్రం జనరల్ డ్యూటీ అధికారే. హెలికాప్టర్ పైలట్లు కూడా ఈ దారిలోవాళ్లే. 2021లో డీజీ అయిన వి.ఎస్. పఠానియా హెలికాప్టర్ పైలట్, అయినా ఓడలకు కూడా కమాండ్ చేశారు. జనరల్ డ్యూటీకి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ ఉండాలి, ఇటీవలి నోటిఫికేషన్లలో ఆ రెండిట్లో కలిపి 55 శాతం అడిగారు. బైపీసీ చదివినవాళ్లకు ఇక్కడే తలుపు మూసుకుంటుంది. వయసు సాధారణంగా 21 నుంచి 25. మహిళలకు ఏ బ్రాంచి తెరిచారన్నది ఏడాదిని బట్టి మారుతోంది, ఆ ఏటి ప్రకటనే ప్రమాణం.

కాగితాల దగ్గర పడేవాళ్లు

పరీక్షలో పోయేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. కాగితాల దగ్గర పోయేవాళ్లు తక్కువేం కాదు. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా మూడు చిక్కులున్నాయి.

మొదటిది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మెమోలో వెనక్కి పోయి ఉంటుంది. అప్లికేషన్‌లో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో అక్షరం అక్షరం ఎలా ఉంటే అలాగే రాయాలి. ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.

రెండోది ఓబీసీ సర్టిఫికెట్. మీసేవలో ఇచ్చే రాష్ట్ర ఫార్మాట్ బీసీ సర్టిఫికెట్ చెల్లదు. కేంద్ర ఉద్యోగాలకు వాడే నాన్ క్రీమీలేయర్ ఫార్మాట్‌లో, నోటిఫికేషన్ చెప్పిన తేదీల పరిధిలో తీసుకున్నది కావాలి. మన దగ్గర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, అదీ సరిచూసుకోవాలి.

మూడోది సీజీపీఏ. దాన్ని శాతంగా మార్చే సూత్రం యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. "తొమ్మిదిన్నరతో గుణిస్తే సరి" అని సొంతంగా లెక్క కడితే వెరిఫికేషన్‌లో ఒప్పుకోరు.

పరీక్ష

సీజీక్యాట్‌లో 100 ప్రశ్నలు, 400 మార్కులు, 2 గంటలు. ఇంగ్లిష్, రీజనింగ్‌తో కలిపి న్యూమరికల్ ఎబిలిటీ, జనరల్ సైన్స్‌తో కలిపి మ్యాథ్స్, జీకే అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 ప్రశ్నలు. ప్రశ్నకు 72 సెకన్లు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 పోతుంది.

నెగెటివ్ మార్కుల భయంతో ఖాళీలు వదిలేయడం ఇక్కడ పొరపాటు. పది ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా సగటున రెండున్నర ఒప్పు అవుతాయి: 10 మార్కులొస్తాయి, ఏడున్నర పోతాయి, అయినా రెండున్నర మిగులు. నాలుగిట్లో ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని కొట్టెయ్యగలిగితే తొమ్మిది ప్రశ్నలకు 3 ఒప్పు, 6 తప్పు: నికరంగా 6 మార్కులు. కాబట్టి ఒక్క ఆప్షన్ తీసెయ్యగలిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు పెట్టండి.

తర్వాత ప్రిలిమినరీ సెలెక్షన్ బోర్డు. కంప్యూటర్ మీద కాగ్నిటివ్ టెస్టు, ఆపైన బొమ్మ చూపించి కథ రాయించి, దాని మీద గ్రూపులో చర్చ. కాసేపు చూపించే ఆ మసక బొమ్మలో ఎంతమంది ఉన్నారు, వాళ్ల వయసెంత, ఏ మూడ్‌లో ఉన్నారు అన్నది ముందు పట్టుకోవాలి. కథలో ఒక సమస్య, దాన్ని తీర్చడానికి ఒక మనిషి చేసిన పని ఉంటే చాలు. కోచింగ్ సెంటర్లు నూరిపోసిన "యువజన సంఘం పెట్టి ఊరిని బాగుచేసిన కథ" బోర్డు ముందు వందోసారి వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చర్చలో గొంతు పెంచినవాడికి మార్కులు రావు. పక్కవాడి మాటను అందుకుని ముందుకు తీసుకెళ్లినవాడికి వస్తాయి.

ఫైనల్ బోర్డులో సైకలాజికల్ టెస్టులు, గ్రూప్ టాస్కులు, ఇంటర్వ్యూ ఉంటాయి. తీరప్రాంతం నుంచి వెళ్లినవాళ్లను సొంత తీరం గురించే అడుగుతారు. కోస్ట్ గార్డ్ జిల్లా కేంద్రం విశాఖలో ఉందని, కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో స్టేషన్లున్నాయని, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమని తెలియకుండా లోపలికి వెళ్లొద్దు.

మెడికల్‌లో ఎత్తు సాధారణంగా కనీసం 157 సెంటీమీటర్లు. కంటిచూపు ప్రమాణం టెక్నికల్ కంటే జనరల్ డ్యూటీకి కఠినం, కలర్ విజన్ తేడా ఉంటే దారే లేదు. రాత్రి సముద్రం మీద ఎర్రదీపం, పచ్చదీపం వేరుగా కనబడకపోతే ఓడ నడపలేరు మరి. చెవిలో గులిమి తీయించుకోవడం, పళ్ల గార క్లీన్ చేయించుకోవడం ఇంటి దగ్గరే చేసుకోవాలి. ఇంత చిన్న వాటికి తాత్కాలికంగా అన్‌ఫిట్ అనిపించుకుని తిరగడం అనవసరం.

బ్రిడ్జి మీద

ఎంపికైనవాళ్లు కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీకి వెళ్తారు. అక్కడి శిక్షణ తర్వాత ఓడల మీద ట్రైనింగ్. మూల వేతనం లెవెల్ 10, అంటే 56,100 దగ్గర మొదలవుతుంది. ఇన్‌స్పెక్టర్ జనరల్‌కి లెవెల్ 14, అంటే 1,44,200. ఇక్కడి నుంచి కెరీర్‌ని నిలబెట్టేది పరీక్ష ర్యాంకు కాదు. మొదటి పెద్ద గడప బ్రిడ్జి (ఓడను నడిపే గది) వాచ్‌కీపింగ్ సర్టిఫికెట్. నాలుగు గంటల పాటు ఓడను ఒంటరిగా అప్పగించవచ్చని కమాండింగ్ ఆఫీసర్ నమ్మితేనే అది వస్తుంది. తోటివాళ్ల కంటే ఇది ఆలస్యమైతే తర్వాతి కోర్సు, తర్వాతి కమాండ్ అన్నీ వెనక్కి జరుగుతాయి.

రాత్రి వాచ్ తీసుకునే పద్ధతి ఇలా ఉంటుంది. కనీసం పావుగంట ముందు బ్రిడ్జి మీదికి చేరాలి, చీకటికి కళ్లు అలవాటు పడకముందు వాచ్ తీసుకోకూడదు. ఓడ ఉన్న స్థానం, కోర్సు (ఓడ వెళ్లే దిశ), వేగం, చుట్టూ ఉన్న ఓడలు, కెప్టెన్ రాత్రి ఆదేశాల పుస్తకం చూసి సంతకం పెట్టాలి. ఓడ ఏదైనా మలుపులోనో, మరో ఓడను తప్పించే పనిలోనో ఉంటే అది పూర్తయ్యేదాకా పాత ఆఫీసరే ఉండాలి. అర్ధాంతరంగా చేతులు మారిన వాచ్‌లోనే ప్రమాదాలు జరుగుతాయి.

ఉదాహరణకు కుడివైపు ముందు భాగంలో ఎర్రదీపం, అంటే అవతలి ఓడ ఎడమ పక్క దీపం కనబడింది. దూరం 6 నాటికల్ మైళ్లు. దిక్సూచి మీద దాని బేరింగ్ (అది కనబడే దిక్కు, డిగ్రీల్లో) చూసి రాసుకోవాలి. మూడు నిమిషాల తర్వాత దూరం 5 మైళ్లు, బేరింగ్ మాత్రం మారలేదు. బేరింగ్ మారకుండా దూరం తగ్గుతోందంటే గుద్దుకునే దారిలో ఉన్నట్టే. మూడు నిమిషాలకు మైలు చొప్పున ఇంకా 15 నిమిషాలే మిగిలాయి. అవతలి ఓడ మనకు కుడివైపున ఉంది కాబట్టి దారి ఇవ్వాల్సింది మనం. కుడికి తిరగాలి, తిరిగినట్టు అవతలివాడికి కనబడాలి. కొత్త ఆఫీసర్లు ఐదు డిగ్రీలు, మళ్లీ ఐదు డిగ్రీలు అని కొసరుతూ తిప్పుతారు. అవతలి రాడార్‌లో అది తెలియనే తెలియదు. ఒకేసారి 30 డిగ్రీలకు తగ్గకుండా తిప్పి, ఆ ఓడ వెనక నుంచి పోవడం సరైన పని. కెప్టెన్‌ని లేపాలా వద్దా అని సందేహం వచ్చిందంటే, లేపాల్సిన సమయం వచ్చినట్టే.

మన తీరంలో పెద్ద ఓడల కంటే చిక్కు చిన్న పడవలతోనే. చెక్క, ఫైబర్ తెప్పలు రాడార్‌లో సన్నటి చుక్కలుగా కనబడతాయి. కెరటాల వల్ల తెర మీద వచ్చే రొద తగ్గించాలని క్లట్టర్ నాబ్ మరీ తిప్పేస్తే ఆ పడవ కూడా తెర మీంచి మాయమైపోతుంది. నాబ్‌ను కొంచెం రొద మిగిలేలా ఉంచి, బైనాక్యులర్‌తో చుట్టూ కనిపెట్టి చూసే నావికుణ్ణి (లుకౌట్) నమ్ముకోవాలి.

గాలింపు, తనిఖీ

కోస్ట్ గార్డ్ అధికారికి పేరొచ్చేది గాలింపులో. ఇంజిన్ ఆగిన పడవ గురించి సాయంత్రం 6కి చివరి కబురు, మీరు చేరేది అర్ధరాత్రి అనుకోండి. చివరి స్థానానికి పోయి వెతికితే ఎవరూ ఉండరు. ప్రవాహం గంటకు మైలు చొప్పున నైరుతికి ఉంటే ఆరు గంటల్లో 6 మైళ్లు కొట్టుకుపోయి ఉంటుంది, దాని మీద గాలి తోసింది కలపాలి. అలా వచ్చిన చోటు నుంచి చదరంగా విస్తరిస్తూ వెతుకుతారు: ట్రాకుల మధ్య దూరం 1 మైలు అనుకుంటే 1, 1, 2, 2, 3, 3 మైళ్లు, ప్రతి మలుపూ 90 డిగ్రీలు. 12 నాట్ల (గంటకు 12 నాటికల్ మైళ్ల) వేగంతో మైలుకు 5 నిమిషాలు, ఈ ఆరు ట్రాకులు కలిపి 12 మైళ్లు, సరిగ్గా గంట. తప్పు జరిగేది జీపీఎస్ దగ్గర. జీపీఎస్ చదరం నేలకు అతుక్కుని ఉంటుంది, పడవ నీళ్లతో పాటు కదులుతుంటుంది. గంట గడిచేసరికి మీ చదరం ఒకచోట, పడవ ఒకచోట. అందుకే ఇలాంటి గాలింపును నీటిని బట్టి, దిక్సూచి కోర్సు, లాగ్ వేగం (నీటిలో ఓడ వేగం), గడియారంతో నడుపుతారు.

విదేశీ చేపల పడవనో, మాదకద్రవ్యాల పడవనో పట్టుకున్నప్పుడు ధైర్యంతో పాటు రాత కూడా ఉండాలి. 1981 నాటి విదేశీ నౌకల చేపలవేట నియంత్రణ చట్టం, కస్టమ్స్ చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, వీటిలో ఏది వర్తిస్తుందన్నది పడవ ఎక్కడ ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. తీరం నుంచి 12 మైళ్ల లోపలి దేశ జలాల్లోనా, 200 మైళ్ల దాకా ఉండే ఆర్థిక మండలంలోనా (దేశానికి వేట, వనరుల హక్కులున్న సముద్రం)? అందుకే చూసిన క్షణం, ఆపిన క్షణం, ఎక్కిన క్షణం, మూడిటికీ సమయం, జీపీఎస్ స్థానం లాగ్ పుస్తకంలో ఉండాలి. ఎక్కగానే సరుకు ముట్టుకోకముందే ఫొటోలు తియ్యాలి. ఆ పడవలోని జీపీఎస్ సెట్‌లో అది ఎటునుంచి వచ్చిందో దాగి ఉంటుంది, దాన్ని ఎవరూ నొక్కకుండా సీలు వెయ్యాలి. తూకం సాక్షుల ఎదుట. ఈ క్రమం తప్పితే కోర్టులో మొదటి వాయిదాకే డిఫెన్సు లాయరు పట్టుకునేది దాన్నే.

కమాండ్ మెట్లు

చిన్న ఇంటర్‌సెప్టర్ బోట్లు అసిస్టెంట్, డిప్యూటీ కమాండెంట్ల చేతిలో ఉంటాయి. ఫాస్ట్ పెట్రోల్ వెసెల్ కమాండెంట్ జూనియర్ గ్రేడ్ చేతిలో, వంద మీటర్ల ఆఫ్‌షోర్ పెట్రోల్ వెసెల్ కమాండెంట్ లేదా డీఐజీ చేతిలో. రాకేశ్ పాల్ సర్వీసును కింది నుంచి చదివితే ఈ మెట్లు స్పష్టంగా కనబడతాయి: చిన్న క్రాఫ్ట్ సి-03, పెట్రోల్ ఓడలు అహల్యాబాయి, సుచేతా కృపలానీ, ఆ తర్వాత పెద్ద ఓడలు విజిత్, సమర్థ్. మధ్యలో గుజరాత్‌లోని ఓఖా, వాడినార్ స్థావరాల బాధ్యత. ఆయన కోస్ట్ గార్డ్‌లో తొలి గన్నరీ (ఓడ మీది ఫిరంగుల) నిపుణుడు కూడా.

ఈ చివరి మాట గమనించాలి. పైకి వెళ్లిన ప్రతివాళ్లకూ ఒక స్పెషలైజేషన్ ఉంది. నటరాజన్ అమెరికా కోస్ట్ గార్డ్ యార్క్‌టౌన్ కేంద్రంలో గాలింపు, రక్షణలో శిక్షణ పొందారు. 2024లో డీజీ అయిన ఎస్. పరమేశ్ నావిగేషన్ అండ్ డైరెక్షన్ నిపుణుడు. కాలుష్య నియంత్రణ ఇంకో దారి. 2020లో శ్రీలంక దగ్గర న్యూ డైమండ్ ట్యాంకర్, 2021లో కొలంబో దగ్గర ఎక్స్-ప్రెస్ పెర్ల్ తగలబడ్డాక ఆ విద్య తెలిసినవాళ్ల విలువ అందరికీ తెలిసింది. కోర్సుకు దరఖాస్తు చేసే అవకాశం వచ్చినప్పుడు "ఇంటికి దగ్గర పోస్టింగ్ పోతుంది" అని వద్దనుకునేవాళ్లు చాలామంది. పిల్లల చదువు, తల్లిదండ్రుల ఆరోగ్యం నిజమైన కారణాలే, కాదనలేం. కాకపోతే ఆ ఒక్క నిర్ణయం పదేళ్ల తర్వాత బోర్డు కాగితం మీద ఖాళీగా కనబడుతుంది.

మధ్య సర్వీసులో తమిళనాడు వెల్లింగ్టన్‌లోని డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ, సీనియర్లయ్యాక ఢిల్లీలోని నేషనల్ డిఫెన్స్ కాలేజీ ముఖ్యమైనవి. వెల్లింగ్టన్ కోసం రాయడం, వ్యూహం, సముద్ర చట్టం మీద చదవడం డిప్యూటీ కమాండెంట్‌గా ఉన్నప్పుడే మొదలెట్టాలి. ఓడ మీద పగలంతా పని చేసి చదవడానికి కూర్చునే ఓపిక అందరికీ ఉండదు, వడపోత అక్కడే.

పదోన్నతి బోర్డు చూసేది మీ వార్షిక రిపోర్టులు, సముద్రం మీద గడిపిన కాలం, కమాండ్లు, స్టాఫ్ (కార్యాలయ) పోస్టింగులు. ప్రతి మెట్టులోనూ ఒక ఓడకు కమాండ్ చేసి ఉండాలి. ఒక మెట్టులో కమాండ్ తప్పితే పై మెట్టులో పెద్ద ఓడ ఇవ్వడానికి వెనకాడతారు. ఓడ నేలకు తగలడం లాంటి ఘటన జరిగితే బోర్డ్ ఆఫ్ ఎంక్వైరీ వేస్తారు. అక్కడ అధికారిని కాపాడేది ఆ సమయానికి లాగ్‌లో ఉన్న రాతలే. తర్వాత దిద్దిన లాగ్ అసలు తప్పు కంటే పెద్ద తప్పు. అంకె తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టండి.

ఐజీ అయ్యాక గాంధీనగర్, ముంబయి, చెన్నై, కోల్‌కతా, అండమాన్ ప్రాంతాల్లో ఏదో ఒక రీజియన్ చేతికొస్తుంది. ఆపైన ఢిల్లీ ప్రధాన కార్యాలయం. డీజీ నియామకం కేంద్ర క్యాబినెట్ నియామకాల కమిటీ చేతిలో ఉంటుంది. అప్పటికి బరిలో మిగిలేది కొద్దిమంది అడిషనల్ డీజీలే. వాళ్లలో ఎవరికి ఎన్ని నెలల సర్వీసు మిగిలి ఉందన్నది అక్కడ చిన్న విషయం కాదు.